పుట్టుమచ్చ తీయించుకోదలచినవారికి

పుట్టుమచ్చకు ఫలితం చెప్పేవారికి మన యిండ్లలో కొదవ లేదు. పెదవిమీద వుంటే ఒకటి, వీపుమీద వుంటే మరొకటి. మనం తరతరాలుగా కాపురముంటున్న ఈ అరవదేశంలో దానిని మచ్చం అంటారు, ప్రక్కనున్న కన్నడదేశంలో మచ్చె అంటారు. మాట యించుమించు ఒక్కటే, నమ్మకాలూ ఒక్కటే. కాని దానిని ఎప్పుడు డాక్టరుకు చూపించాలో, తీయించుకుంటే యేమి జరుగుతుందో చెప్పేవారు మాత్రం అరుదు. పెండ్లికి ముందు ముఖంమీది మచ్చ తీయించవచ్చునా అని ఒకరు, మెడమీది మచ్చకు గొలుసు ఒరుసుకొని నెత్తురు వస్తున్నదని మరొకరు అడిగినందున ఈ నెల ఆ సంగతే వ్రాస్తున్నాము. మేము వైద్యులము కాము. మావారికి తోడుగా ఆసుపత్రులకు వెళ్లి చూచినదీ, చర్మవైద్యులు చెప్పగా విన్నదీ నలుగురికీ పనికివస్తుందని మా ఉద్దేశము.

మొదట మాటల తికమక తీర్చుకుందాము. మెడచుట్టూ, చంకలలో మెత్తగా వ్రేలాడే పిలకలు పుట్టుమచ్చలు కావు. గరుకుగా లేచే పులిపిరులూ కావు; అవి వైరసు వల్ల వచ్చేవి. అరవంలో వాటిని మరు అంటారు. డాక్టరుతో మాట్లాడేటప్పుడు మరు అనవలసినచోట మచ్చం అనకుండా, వేలితో చూపించి చెప్పడం మేలు. పుట్టుమచ్చ అంటే చర్మానికి రంగునిచ్చే కణాలు ఒకచోట గుమిగూడినది. పేరులో పుట్టుక వున్నా, చాలా మచ్చలు పుట్టుకతో రావు. చిన్నతనం నుంచి ముప్పయ్యేళ్ల లోపల ఒక్కొక్కటే కనబడతాయి. పెద్దవారి వంటిమీద 10 మొదలు 40 వరకూ వుండడం సాధారణమే. వాటిలో మిక్కిలి భాగం జన్మమంతా ఏ హానీ చేయవు.

మరి అనుమానించవలసినవి ఏవి? ఒక సగానికీ మరొక సగానికీ పోలిక లేనిది, అంచు చెదిరినట్లున్నది, ఒకే మచ్చలో రెండు మూడు రంగులున్నది, 6 మిల్లీమీటర్లకు మించి, అంటే పెన్సిలు కొనమీది రబ్బరుకంటె వెడల్పయినది, అన్నిటికంటె ముఖ్యంగా నెలనెలకూ మారుతున్నది. నలభై దాటాక క్రొత్తగా వచ్చి పెరిగేదీ, గోకకుండానే నెత్తురు కారేదీ ఈ కోవలోనివే. ఇటువంటివాటిలో కొన్ని మెలనోమా అనే చర్మపు క్యాన్సరు కావచ్చును. అది తెల్లవారికి వచ్చినంత తరచుగా మనకు రాదు. ఆ ధైర్యంవల్లనే మనం ఆలస్యం చేస్తాము. నల్లని, చామనఛాయ చర్మంగలవారికి అది వచ్చినప్పుడు అరికాలిలోనో, అరచేతిలోనో, గోటి క్రిందనో రావడం ఎక్కువ. జమైకా గాయకుడు బాబ్ మార్లేకు 1977లో కాలివ్రేలి గోటి క్రింద బయటపడినది అదే. 1981లో 36 ఏళ్ల వయసున ఆయన చనిపోయినాడు. అరికాలిలో మచ్చ వుంటే దేశాలు తిరుగుతాడని మన పెద్దలు సంతోషిస్తారు. తిరగవచ్చును, కాని ముందుగా చర్మవైద్యుని గుమ్మం దాకా తిరిగిరావలెను.

కత్తి తగిలితే మామూలు మచ్చ కూడా క్యాన్సరు అవుతుందని కొందరి భయము. అది నిజం కాదు. అసలు భయపడవలసినది చూడకుండా కాల్చివేయడానికి. సున్నమూ సోడా కలిపి పెట్టడం, తలవెంట్రుకతో బిగించి కట్టడం వెనుకటి పద్ధతులు. ఇప్పుడు వాటి స్థానంలో బ్యూటీ పార్లర్లు వచ్చినవి. మా బంధువర్గంలో ఒక అమ్మాయికి పెండ్లి కుదిరినప్పుడు బుగ్గమీది మచ్చను అటువంటి ఒకచోట యంత్రంతో కాల్పించారు. పది నిమిషాలలో పని అయినది, ఖర్చూ తక్కువే. నాలుగు నెలలకు అదే చోట నల్లగా, వంకరటింకరగా మళ్లీ మొలిచినది. చర్మవైద్యుడు చూచి, “అప్పుడు తీసిన ముక్క పరీక్ష కాగితం ఏదమ్మా?” అని అడిగినాడు. ముక్క వుంటే గదా కాగితం వుండడానికి! సగం మిగిలిన మామూలు మచ్చ తిరిగి మొలిస్తే మైక్రోస్కోపులో సైతం క్యాన్సరు అని భ్రమ కలిగించగలదట. మొదటి ముక్క ఫలితం చేతిలో వుంటే ఆ చిక్కు తేలికగా విడేది. చివరకు ఆ చోటు పూర్తిగా కోసి తీసి పరీక్షకు పంపినారు. ఫలితం వచ్చేదాకా ఆ యింట ఎవరికీ అన్నం సహించలేదు. మామూలు మచ్చయేనని తేలినది. పిల్ల బుగ్గమీద మాత్రం గీత నిలిచినది.

ఇక చర్మవైద్యుని వద్ద జరిగేది చెబుతాము. మొదటిరోజున దీపమున్న చిన్న భూతద్దంతో మచ్చను పరీక్షిస్తారు. నెత్తురు పలుచబడడానికి బిళ్లలు వేసుకుంటున్నారా, మధుమేహం వున్నదా, ఏ మందైనా పడదా, గుండెకు పేస్‌మేకరు వున్నదా, వెనుక ఏదైనా గాయం మాని గట్టిగా ఉబ్బినదా అని అడుగుతారు. అడగకపోయినా చెప్పండి. గుండెకోసం వేసుకునే ఆస్పిరిన్ వంటి బిళ్లలను ఎవరంతట వారు మానరాదు. డాక్టరు చెప్పినట్లు చేయవలెను.

మచ్చచుట్టూ లిగ్నోకెయిన్ సూదిమందు ఇస్తారు. అది 1943లో స్వీడన్‌లో తయారైనది. పన్ను పీకించుకున్నవారిలో చాలామంది దానిని ఎరుగుదురు. కొద్ది క్షణాలు మంట పుడుతుంది. తరువాత తాకడమూ లాగడమూ తెలుస్తుంది గాని నొప్పి తెలియదు. ఉబ్బెత్తుగా వున్న మామూలు మచ్చనయితే చర్మానికి సమంగా చెక్కి తీస్తారు. దానికి కుట్లు అక్కరలేదు. చిన్నదానిని గుండ్రని పనిముట్టుతో తీస్తారు. అనుమానమున్నదానిని చుట్టూ కొంత మంచి చర్మంతో సహా ఆకు ఆకారంలో కోసి కుట్టివేస్తారు. అంచులు ముడుత పడకుండా అతకడానికే ఆ ఆకారము. అందుచేత గీత, మచ్చ వెడల్పుకు సుమారు మూడింతలు పొడవు వుంటుంది. అద్దంలో చూచుకొని బెదిరిపోవద్దు. ముఖంమీది కుట్లు 5 మొదలు 7 రోజులకు, వీపు, కాళ్లమీదివి 10 మొదలు 14 రోజులకు విప్పుతారు.

ఆ తరువాత డాక్టరు చెప్పినంతసేపు కట్టు తడవనీయరాదు. పసుపు, కాఫీపొడి, పేరు తెలియని పసర్లు పుండుమీద వేయవద్దు. పక్కు కట్టినదానిని గోటితో లేపవద్దు. కొద్దిపాటి ఎరుపు, సలుపు సహజము. చీము, జ్వరము, రోజురోజుకూ పెరిగే నొప్పి వుంటే వెంటనే వెళ్లవలెను. గీత రంగు తగ్గడానికి యేడాది దాకా పట్టవచ్చును. అంతవరకూ ఎండ తగలకుండా చూచుకోవలెను. రొమ్ము పైభాగం, భుజాలు, చెవితమ్మెలమీద గాయం మాని గట్టిగా పెరిగే గుణం మనవంటి చర్మంవారికి కొంత హెచ్చు. కేవలం అందంకోసం ఆ చోట్ల మచ్చ తీయించదలిస్తే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

గుమాస్తాగిరీలో వున్నవారము గనుక ఒక కాగితపు సంగతి కూడా చెబుతాము. పాఠశాల సర్టిఫికెట్లలోనూ, సర్వీసు రిజిస్టరులోనూ గుర్తింపు చిహ్నంగా కుడిబుగ్గమీద పుట్టుమచ్చ అని వ్రాసివుండడం మామూలే. ఆ మచ్చనే తీయించినట్లయితే ఆసుపత్రి చీటీని సర్టిఫికెట్లతోపాటు భద్రం చేసుకోండి. రేపు ఎవరైనా మచ్చ ఏదని అడిగితే చూపడానికి అదొక్కటే ఆధారము.

బేరం కుదుర్చుకునేటప్పుడు మచ్చ తీయడానికి ఎంత, ముక్క పరీక్షకు ఎంత అని విడివిడిగా అడగండి. పరీక్ష దండుగ ఖర్చని ఎవరైనా అంటే వినవద్దు. ఖర్చుకు జంకేవారు ప్రభుత్వ వైద్యకళాశాల ఆసుపత్రిలో చర్మవిభాగానికి వెళ్లవచ్చును. ముక్క పరీక్షకు వెళ్లినదా, కాగితం ఎప్పుడు వస్తుందని అడిగి, అది చేతికి వచ్చేదాకా పని ముగియలేదనుకోండి.

వచ్చే శనివారం తలంటి పోసుకునేటప్పుడు యింటిల్లిపాదీ అరికాళ్లు, గోళ్లు చూచుకోండి. ఎవరి వీపు వారికి కనబడదు గనుక అది మరొకరు చూడవలెను.