పిల్లి ఉన్న ఇంట్లో దుర్వాసన: నిదాన పరివర్జనమే చికిత్స

పిల్లి మూత్రపు దుర్వాసన పోవడానికి ఏదైనా ధూపమో తైలమో చెప్పమని నన్ను అడిగే గృహిణుల సంఖ్య నానాటికీ పెరుగుతున్నది. పూర్వం ఈ ప్రశ్న ఇంతగా వినబడేది కాదు. పెరడు, ఇసుక కుప్ప, పాదుల మట్టి ఉన్న ఇళ్లలో పిల్లి తన పని తానే చూసుకుని, మట్టి కప్పి వచ్చేది. నేడు అదే పిల్లి మూడవ అంతస్తులో, పాలరాతి పలకల నేల మీద, మూసిన తలుపుల నడుమ బ్రతుకుతున్నది. దానికి మట్టి చూపించే బాధ్యత మనదే అయినది. ఆ బాధ్యతను సగమే నిర్వహించి, మిగిలిన సగాన్ని సాంబ్రాణి పొగతో కప్పివేయాలని చూడడమే నేటి చిక్కులకు మూలమని నా అభిప్రాయం.

ఆయుర్వేదం చికిత్సలన్నింటిలో మొదటిదిగా చెప్పినది నిదాన పరివర్జనం. అనగా, రోగకారణాన్ని తొలగించడం. ఈ సూత్రం మనిషి దేహానికి ఎంత వర్తిస్తుందో ఇంటికీ అంతే వర్తిస్తుంది. కారణాన్ని ఉంచి వాసనను మాత్రం పోగొట్టుకోదలచినవారు చివరకు ఏమి చేస్తున్నారో మనందరికీ తెలిసినదే. పిల్లిని గోనెసంచిలో వేసి ఊరి చివరనో సంతబజారులోనో వదలివస్తున్నారు. ఇంట్లో పెరిగిన ప్రాణిని ఆకలిదప్పులకు గురయ్యేలా విడిచిపెట్టడం 1960 నాటి జంతుహింసా నివారణ చట్టం ప్రకారం నేరం. చట్టం మాట అటుంచినా, ఒక తొట్టిని సరిగా అమర్చడంతో తీరిపోయే సమస్యకు ఆ శిక్ష న్యాయం కాదు.

ఆ వాసన ఎక్కడిది?

పిల్లి పూర్వీకులు ఎడారి ప్రాంతపు అడవిపిల్లులు. తక్కువ నీటితో బ్రతకడానికి అనువుగా వాటి మూత్రపిండాలు మూత్రాన్ని చిక్కపరచి విడుస్తాయి. ఆ మూత్రంలోని యూరియాను సూక్ష్మజీవులు విరిచినపుడు అమ్మోనియా పుడుతుంది. కంటికి, ముక్కుకు ఘాటు తగిలేది దాని వల్లనే. ఇది మొదటి వాసన. రెండవది దీనికంటే మొండిది. పిల్లి మూత్రంలో ఫెలినీన్ అనే గంధకయుక్త పదార్థం ఉంటుంది. అది విరిగిన కొద్దీ గంధకపు కమురు వాసన వస్తుంది. దీని తయారీని నియంత్రించే ఒక మాంసకృత్తును జపాను శాస్త్రజ్ఞులు 2006లో వివరించారు. బీజాలు తీయని మగపిల్లిలో ఫెలినీన్ మిక్కిలి ఎక్కువ. అందువలననే గండుపిల్లి తిరిగిన ఇంటిని గడపలోనే పోల్చుకోవచ్చును.

మూత్రాన్ని ఔషధంగా వర్ణించిన చరకుడు సైతం గొర్రె, మేక, ఆవు, గేదె, ఏనుగు, ఒంటె, గుర్రం, గాడిద అను ఎనిమిదింటినే పేర్కొన్నాడు. ఆ పట్టికలో పిల్లికి చోటు లేదు. గోమూత్రం పవిత్రం కనుక పిల్లి మూత్రమూ హాని చేయదని కొందరు చేసే వాదానికి శాస్త్రంలో ఆధారం లేదు.

మేలు తలచి చేసే కీడు

చాలా ఇళ్లలో ముందుగా చేతికి వచ్చేది ఫినాయిలు. ఫినాల్ జాతి పదార్థాలను విరిచి బయటకు పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. నేల మీది ఫినాయిలు దాని పాదాలకు అంటుతుంది. పాదాలను అది నాకుతుంది. ఆ విధంగా విషం కొద్దికొద్దిగా లోనికి పోతుంది. నీలగిరి తైలం, లవంగ తైలం, నిమ్మతొక్కల తైలం, కర్పూరం, కలరా ఉండలు కూడా పిల్లికి హానికరమైనవే. "ఇది మూలిక కదా, ప్రకృతి సహజం కదా" అనే ధీమా ఇక్కడ పనికిరాదు. మన పూర్వులు ఏనుగులకు పాలకాప్యుని శాస్త్రాన్ని, గుర్రాలకు శాలిహోత్రుని శాస్త్రాన్ని వేరువేరుగా నిలుపుకున్నారు. ఒక జంతువుకు హితమైనది మరొకదానికి హితం కాకపోవచ్చునని వారికి తెలియనిది కాదు.

రెండవది బ్లీచింగ్ పౌడరు. అమ్మోనియా ఉన్నచోట దీనిని చల్లితే క్లోరమీన్ అనే విషవాయువులు పుడతాయి. కిటికీ లేని స్నానపు గదిలో ఈ పని చేయడం ఉబ్బసం ఉన్నవారికి, పసిపిల్లలకు ప్రమాదం. మూడవది సున్నం, బూడిద, చాకలి సోడా. మూర్ఛపోయినవారికి నవాసారమూ సున్నమూ కలిపి వాసన చూపించే పాత పద్ధతి చాలామంది ఎరిగినదే. అందులో ముక్కుకు ఘాటు కొట్టేది అమ్మోనియాయే. క్షారం తగిలితే అమ్మోనియా విడుదల అవుతుంది. మూత్రం పడినచోట సున్నం చల్లడం అంటే అదే ప్రయోగాన్ని ఇల్లంతటికీ చేయడమే. ఇక అమ్మోనియా కలిసిన శుభ్రపరచే ద్రవాలతో తుడిస్తే, పిల్లి దానిని తన మూత్రపు వాసనే అనుకుని మళ్లీ అక్కడికే వస్తుంది.

సాంబ్రాణికి నేను వ్యతిరేకిని కాను. కాని అది వాసనను కప్పుతుంది గాని తొలగించదు. తేమగా ఉన్న రోజున అడుగునున్న వాసన తిరిగి లేచి, పొగతో కలిసి మరింత వికారమవుతుంది.

నేలకు, బట్టకు పనికివచ్చేవి

మూత్రం తడిగా ఉండగానే పాత గుడ్డతోనో కాగితంతోనో అద్ది పీల్చివేయవలెను. రుద్దరాదు. రుద్దితే మరింత లోతుకు దిగుతుంది. తరువాత చన్నీటితో కడిగి, వెనిగరును సమానంగా నీరు కలిపి పది నిమిషాలు ఉంచి తుడవవలెను. పులుపు అమ్మోనియాను పట్టి కట్టివేస్తుంది. అయితే ఒక హెచ్చరిక. పాలరాయి, కడప బండ, తాండూరు బండ, షాబాదు బండ సున్నపురాతి జాతివి. వాటి మీద వెనిగరు గాని, నిమ్మరసం గాని, చింతపండు పులుసు గాని పోస్తే మెరుపు పోయి గరుకు తేలుతుంది. అటువంటి నేలకు కుంకుడుకాయల రసమో మెత్తని సబ్బునీరో వాడి, శుభ్రంగా కడిగివేయడం మేలు.

గంధకపు వాసనకు పులుపు చాలదు. మందుల దుకాణంలో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడు సాధారణంగా 6 శాతం ఉంటుంది. దానికి సమానంగా నీరు కలిపితే 3 శాతమవుతుంది. అటువంటి ద్రవం ఒక గ్లాసుకు ఒక చెంచా వంటసోడా, రెండు చుక్కలు గిన్నెలు తోమే ద్రవం చేర్చి, అప్పటికప్పుడు వాడుకోవలెను. సీసాలో పోసి మూత బిగిస్తే వాయువు పుట్టి సీసా పగులుతుంది. రంగు బట్టల మీద ముందుగా ఒక మూలన పరీక్షించవలెను. దీనిని వెనిగరుతో కలపరాదు. ముందు ఒకదానిని కడిగివేసిన పిదపనే రెండవది వాడవలెను. నేల ఆరేవరకు పిల్లిని ఆ గదిలోకి రానీయరాదు. ఎంజైములతో చేసిన ద్రవాలు నేడు పెంపుడు జంతువుల దుకాణాలలో లభిస్తున్నవి. పరుపులకు, సోఫాలకు అవి శ్రేష్ఠం. దూది పరుపును కడిగిన పిదప మంచి ఎండలో పూర్తిగా ఆరనివ్వడం మరువరాదు.

మరక ఎక్కడ ఉన్నదో తెలియనపుడు, దొంగనోట్లను పరీక్షించే ఊదారంగు దీపాన్ని రాత్రివేళ చీకటి గదిలో నేల మీదుగా చూపితే ఎండిన మూత్రం మెరుస్తూ కనబడుతుంది.

తొట్టి సంగతి

లిట్టర్ బాక్స్ అని దుకాణాలవారు పిలిచే ఇసుక తొట్టి విషయంలో మనం చూపే పిసినారితనమే దుర్వాసనకు ప్రధాన కారణం. తొట్టి పొడవు పిల్లి దేహానికి కనీసం ఒకటిన్నర రెట్లు ఉండవలెను. లోపల తిరిగి నిలబడే వీలు లేని చిన్న పళ్లెంలో పిల్లి ఒక కాలు బయట పెట్టి విసర్జిస్తుంది. తప్పు దానిది కాదు. ఎన్ని పిల్లులున్నవో అంతకు ఒకటి ఎక్కువ తొట్లు ఉండడం ఉత్తమం. అన్నిటినీ ఒకే మూలన పేర్చితే అది ఒక్క తొట్టితోనే సమానం. తిండి పళ్లేనికి దూరంగా, సందడి లేని చోట, పిల్లి పారిపోవడానికి దారి ఉండేలా అమర్చవలెను. బట్టలుతికే యంత్రం పక్కన పెడితే, అది ఒక్కసారి గర్జించిన నాడే పిల్లి ఆ చోటు మానేస్తుంది.

సన్నని, మెత్తని, సువాసన కలపని ఇసుకను పిల్లి ఇష్టపడుతుంది. తడికి ఉండకట్టే బెంటోనైట్ మట్టి అనుకూలమైనది. ఖర్చు భరించలేనివారు జల్లించి ఎండబెట్టిన ఇసుకను మూడు నాలుగు అంగుళాలు కాకపోయినా, రెండు అంగుళాల మందానికి తగ్గకుండా పోయవచ్చును. మలినాన్ని రోజుకు రెండుసార్లు తీయవలెను. వారానికొకసారి తొట్టిని మెత్తని సబ్బుతో కడిగి ఎండబెట్టవలెను. ఏళ్ల తరబడి గోళ్లతో గీరబడిన ప్లాస్టిక్ తొట్టి ఎంత కడిగినా కంపు వదలదు. దానిని మార్చడమే దారి.

వేగధారణ దోషం

చరకుడు ఆపుకోరాని వేగాలను పదమూడింటిని చెప్పాడు. వాటిలో మూత్రవేగం ఒకటి. మురికిగా ఉన్న తొట్టిలోకి పోలేక పిల్లి ఆపుకుంటుంది. ఆపుకోలేనపుడు పరుపు మీదనో ఉతికిన బట్టల కుప్ప మీదనో విడుస్తుంది. దానిని పగ అని మనం అనుకుంటాము. కొట్టి, మూతిని మూత్రంలో రుద్దేవారు ఉన్నారు. దానివలన పిల్లి నేర్చుకునేది భయమే. భయపడిన పిల్లి మరింతగా చోటు తప్పుతుంది.

నిలబడి, తోక ఎత్తి, గోడకు చిమ్మడం వేరే సంగతి. అది సరిహద్దు గుర్తు. బీజాలు తీయించిన మగపిల్లులలో పదింట తొమ్మిది ఈ అలవాటును మానుకోవడమో, అసలు మొదలుపెట్టకపోవడమో జరుగుతుంది. ఎన్ని ద్రవాలు పోసినా కలగని ప్రయోజనం ఆ ఒక్క చిన్న శస్త్రచికిత్సతో చేకూరుతుంది. ఇది దయలేని పని అని సంకోచించేవారు, ఏటేటా పుట్టి వీధిపాలయ్యే పిల్లికూనల సంగతి ఆలోచించవలెను.

ఇంటి వైద్యానికి హద్దు

మూత్రం ఒలికిన నేలకు ఇంటి చిట్కా చాలును. మూత్రం ఆగిన పిల్లికి చాలదు. ఈ వ్యాసం వ్రాయడానికి ముఖ్యకారణం ఇదే. మగపిల్లి మూత్రమార్గం మిక్కిలి సన్ననిది. అది స్ఫటికాలతోనో జిగురుతోనో మూసుకుపోతే పిల్లి మాటిమాటికీ తొట్టిలోకి పోయి ముక్కుతుంది, అరుస్తుంది, అంగాన్ని నాకుతుంది. చుక్క రావచ్చు, నెత్తురు రావచ్చు, ఏమీ రాకపోవచ్చు. చాలామంది దీనిని మలబద్ధకం అనుకుంటారు. మరికొందరు పల్లేరుకాయల కషాయమో, కొండపిండి ఆకు రసమో, బార్లీ నీళ్లో పట్టి రేపటిదాకా చూస్తారు. దారి మూసుకున్నపుడు మూత్రాన్ని పెంచే మందు ఇవ్వడం, తూము మూసిన చెరువుకు నీరు మళ్లించడం వంటిది. ఒకటి రెండు రోజులలో రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగిపోతుంది. సుశ్రుతుడు మూత్రాఘాతాన్ని, మూత్రకృచ్ఛ్రాన్ని వేరువేరు అధ్యాయాలలో చెప్పాడు. ఆగిపోవడమూ నొప్పితో రావడమూ ఒకటి కావని మనకు ఏనాడో తెలుసు. ఇటువంటి పిల్లిని గంటలలో పశువైద్యుని వద్దకు చేర్చవలెను. నొప్పి తగ్గుతుందని పారాసిటమాల్ మాత్ర ఎంతమాత్రం ఇవ్వరాదు. ఒక్క మాత్రతోనే పిల్లి ప్రాణం పోగలదు.

అకస్మాత్తుగా తొట్టి మానేసిన పిల్లిని, మితిమీరి నీరు త్రాగి మూత్రం పోసే పిల్లిని కూడా ముందు వైద్యునికి చూపి, తరువాతనే క్రమశిక్షణ మాట తలచవలెను.

ఇంట్లో గర్భవతి ఉంటే

కోడలు నెల తప్పగానే పిల్లిని వెళ్లగొట్టమని పెద్దలు పట్టుబట్టడం నేను తరచు వింటున్నాను. భయానికి కారణం లేకపోలేదు. టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి పిల్లి మలం ద్వారా రాగలదు. అది గర్భస్థ శిశువుకు ప్రమాదం. అయితే మలంలోని ఆ జీవి అంటుకునే స్థితికి రావడానికి ఒకటి నుండి అయిదు రోజులు పడుతుంది. కనుక తొట్టిని ప్రతిదినమూ శుభ్రం చేస్తే అపాయం చాలావరకు తొలగుతుంది. గర్భిణి ఆ పని చేయకుండా భర్త గాని, మరొకరు గాని చేయవలెను. పిల్లికి పచ్చిమాంసం పెట్టరాదు. గర్భిణి కూడా సరిగా ఉడకని మాంసం తినరాదు, తోటమట్టిని ఒట్టి చేతులతో తాకరాదు, కూరగాయలను బాగా కడుగుకోవలెను. ఇంత జాగ్రత్త తీసుకున్న ఇంట్లో పిల్లిని వెళ్లగొట్టవలసిన అగత్యం లేదు.

పిల్లిని పెంచడం ఎవరికీ విధి కాదు. పెంచదలచినవారు మాత్రం పాలగిన్నెతో పాటు ఇసుక తొట్టికీ, దానిని రోజూ ఎత్తే చేతికీ ఏర్పాటు చేసుకుని పిల్లిని ఇంటికి తెచ్చుకోవలెను. ఆ చేయి ప్రతి ఇంట్లోనూ గృహిణిదే కానక్కరలేదు. పిల్లిని ముద్దు చేసే పిల్లలు, ఒడిలో కూర్చోబెట్టుకునే యజమాని వంతులవారీగా ఆ పని పంచుకుంటే, సాంబ్రాణి దేవుని ముందు వెలిగించుకోవడానికే మిగులుతుంది.