గుమాస్తాకిచ్చే ఛార్జిషీటు విద్యార్థికి ఎందుకివ్వరు?

ఈ వారం జీఎస్-2 కోసం ఆర్టికల్ 311 చదువుతుంటే పాలిటీ కంటే మా కాలేజీయే ఎక్కువ గుర్తొచ్చింది. మీరూ ఒకసారి ఆ పేజీ తెరిచి పక్కన పెట్టుకుని ఇది చదవండి.

ప్రభుత్వ ఆఫీసులో ఒక గుమాస్తా మీద ఆరోపణ వచ్చిందనుకుందాం. ఆయన్ను ఉద్యోగం నుంచి తీసేయాలంటే మామూలుగా ఆరోపణలేమిటో చెప్పాలి, విచారణ జరపాలి, ఆయన చెప్పేది వినాలి. కేంద్ర ఉద్యోగులకైతే 1965 నాటి సీసీఎస్ (సీసీఏ) రూల్స్‌లో 14వ రూల్ ఈ తతంగమంతా వివరంగా రాసింది. ఏ కాగితాల ఆధారంగా అభియోగం మోపారు, సాక్షులెవరు, ఎన్ని రోజుల్లో జవాబివ్వాలి, అన్నీ అందులో ఉంటాయి. సాయానికి ఇంకో ఉద్యోగిని తెచ్చుకోవచ్చు కూడా. మన హైదరాబాద్ ఈసీఐఎల్ కేసులో 1993లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఇంకో అడుగు ముందుకు వేసింది. విచారణాధికారి నివేదిక కాపీ ఉద్యోగికి ఇచ్చి, దాని మీద అతని మాట విన్నాకే శిక్ష సంగతి తేల్చాలంది.

ఇక మా కాలేజీ సంగతి. పేరు రాయను. సెకండియర్ సెమిస్టర్ పరీక్షలో నా రూమ్మేట్ జేబులో ఫోన్ దొరికింది. తప్పే. వాడూ కాదనలేదు. కానీ ఆ ఫోన్ ఆఫ్‌లో ఉందా, అందులో పరీక్షకు సంబంధించిందేమైనా ఉందా అని ఒక్కరూ చూడలేదు. మర్నాడు కమిటీ కూర్చుంది. ముగ్గురు సభ్యుల్లో ఒకరు వాణ్ణి పట్టుకున్న ఇన్విజిలేటరే! తన కేసుకు తానే జడ్జి కాకూడదని సహజ న్యాయం గురించి మనం ఎన్ని ఆన్సర్లలో రాసి ఉంటాం? లోపల ఐదారు నిమిషాలు. ముందే టైప్ చేసి ఉంచిన క్షమాపణ లేఖ మీద సంతకం పెట్టమన్నారు, లేకపోతే ఇంకా పెద్దదవుతుందన్నారు. వాడు ఆలోచించుకుంటానని బయటికొచ్చి నన్నడిగాడు. "పెట్టేయ్ రా, అయిపోతుంది" అన్నాను. అయిపోలేదు. ఆ లేఖనే నేరాంగీకారంగా చూపించి మిగతా పేపర్లన్నీ రాయనివ్వలేదు. ఒక ఏడాది పోయింది. ఇచ్చిన ఆర్డర్‌లో కారణం ఒక్క వాక్యం, అప్పీలు ఎవరికి చేసుకోవాలన్న ముక్క లేదు.

ఇది కాలేజీతోనే తీరిపోయే విషయమని మీకనిపిస్తే, కేంద్ర సర్వీసుల్లో చేరేటప్పుడు నింపే అటెస్టేషన్ ఫారం చూడండి. ఏ యూనివర్సిటీ అయినా మిమ్మల్ని పరీక్షల నుంచి డిబార్ చేసిందా, రస్టికేట్ చేసిందా అని అందులో ఒక ప్రశ్న ఉంటుంది. దాచిపెడితే అదే ఇంకో తప్పు. ఆ ఐదు నిమిషాల గది అంత దూరం వెంట వస్తుంది.

మరి చట్టం ఏమంటోంది? పరీక్షల్లో అక్రమాల పేరుతో ఫలితాలు రద్దు చేసేముందు విద్యార్థి మాట వినాల్సిందేనని 1962లోనే ఘన్‌శ్యామ్ దాస్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బాగానే మొదలైంది. కానీ 1968లో సురేష్ కోశీ జార్జ్ కేసు దగ్గరికొచ్చేసరికి, కేరళ యూనివర్సిటీ విచారణ నివేదిక కాపీ విద్యార్థికి ఇవ్వకపోయినా కోర్టు తప్పు పట్టలేదు. ఉద్యోగి 1993లో గెలుచుకున్న నివేదిక కాపీ విద్యార్థికి మాత్రం ఇస్తే ఇచ్చినట్టు, లేకపోతే లేదు. నా అభ్యంతరమంతా ఇక్కడే. జీతం తీసుకునేవాడికి ఉన్న రక్షణ ఫీజు కట్టేవాడికి ఎందుకు లేదు?

"కాలేజీ కోర్టు కాదు" అంటారు. ఈ వాదనకు బలమైన ఆధారం 1973 నాటి హీరానాథ్ మిశ్రా తీర్పు. రాంచీ మెడికల్ కాలేజీలో కొందరు అబ్బాయిలు రాత్రిపూట అమ్మాయిల హాస్టల్‌లో చొరబడి అసభ్యంగా ప్రవర్తించారు. నిందితుల ఎదుట సాక్ష్యం చెప్పిస్తే ఆ అమ్మాయిలకు బయట రక్షణ ఉండదు కాబట్టి, క్రాస్ ఎగ్జామినేషన్ లేకపోయినా విచారణ చెల్లుతుందని కోర్టు అంది. నేను ఒప్పుకుంటాను. అలాంటి కేసుల్లో సాక్షుల్ని కాపాడాల్సిందే. కానీ అక్కడ కూడా అభియోగాలు చెప్పారు, నిందితుల జవాబు తీసుకున్నారు. ఆ తీర్పును అడ్డం పెట్టుకుని ఫోన్ కేసులో కాగితం కూడా ఇవ్వకపోవడం ఏం న్యాయం?

రాసిపెట్టిన నిబంధనలు ఉన్నచోటా నాకు పేచీ ఉంది. ర్యాగింగ్‌పై యూజీసీ 2009 నిబంధనలు అవసరమైనవే, నాకందులో సందేహం లేదు. కానీ ఎవరు చేశారో తేలకపోతే సామూహిక శిక్ష వేయమని అందులోనే ఉంది. దోషి దొరకలేదని అందరినీ శిక్షించే పద్ధతి మనం చదివే ఏ క్రిమినల్ లాలో ఉంది?

శిక్ష పేరు చూసి బరువు అంచనా వేయలేం. 2015లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులకు హాస్టల్, ఇతర ఉమ్మడి స్థలాల్లోకి ప్రవేశం నిషేధించారు. లైబ్రరీకి వెళ్లొచ్చన్నారు. ఊళ్లో అద్దె కట్టగలిగేవాడికి హాస్టల్ లేకపోవడం ఇబ్బంది, అంతే. కట్టలేనివాడికి అది చదువే లేకపోవడం. వాళ్లు క్యాంపస్‌లోనే ఆరుబయట టెంటు వేసుకున్నారు. 2016 జనవరి 17న వాళ్లలో ఒకరైన రోహిత్ వేముల చనిపోయాడు. ఆ వివాదంలో మీరు ఎటువైపున్నా సరే, శిక్ష వేసేముందు వీడు ఎక్కడ పడుకుంటాడు, ఏం తింటాడు అని అడిగే బాధ్యత కమిటీకి ఉందా లేదా?

నేను అడుగుతున్నవి కొత్తవి కావు. రాతలో అభియోగం, జవాబుకు కనీసం వారం గడువు, పట్టుకున్నవారు కమిటీలో ఉండకపోవడం, నివేదిక కాపీ, కారణాలు రాసిన ఆర్డర్, అప్పీలు ఎవరికో చివర్లో ఒక లైను. వీటికి బడ్జెట్ అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు.

మీలో ఇంకా క్యాంపస్‌లో ఉన్నవాళ్లకో మాట. ముందే టైప్ చేసిన లేఖ మీద సంతకం పెట్టకండి, మీ మాట మీరే రాసివ్వండి, దాని కాపీ మీద తేదీతో అందినట్టు సంతకం తీసుకోండి. ప్రభుత్వ యూనివర్సిటీ అయితే కమిటీ నివేదిక కోసం సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ రోజు కారిడార్‌లో నా రూమ్మేట్‌కు నేను చెప్పాల్సింది ఇదే.