వాచీ చెప్పే దమ్ము లెక్క: మే నెలలో ఎందుకు తగ్గుతుంది?

నయా రాయపూర్ రోడ్లు చూస్తే పరిగెత్తేవాళ్ల కోసమే వేశారా అనిపిస్తుంది. వెడల్పుగా, చదునుగా, తెల్లవారుజామున దాదాపు ఖాళీగా ఉంటాయి. సెంధ్ చెరువు వైపు నడకకు వచ్చేవాళ్లలో ఇప్పుడు చాలామంది చేతికి స్పోర్ట్స్ వాచీ ఉంటోంది. భిలాయిలో ఉద్యోగం చేసి రిటైరై ఇక్కడ స్థిరపడిన తెలుగు బాబాయిగారొకరు మే నెలలో ఒకరోజు దిగులుగా మణికట్టు చూపించారు. "జనవరిలో 34 ఉండేదోయ్. ఇప్పుడు 30 అంటోంది. రేపటి నుంచి ఇంకో రెండు కిలోమీటర్లు పరిగెత్తాలి" అన్నారు.

ఆ అంకె పేరు వీఓటూ మ్యాక్స్. ఒళ్లంతా శ్రమిస్తున్నప్పుడు, కిలో బరువుకు నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల ఆక్సిజన్‌ను శరీరం వాడుకోగలదో చెప్పే కొలత. మన మాటలో దమ్ము. 1920లలో బ్రిటన్ శాస్త్రవేత్త ఏ.వి. హిల్ పరిగెత్తేవాళ్లు వదిలిన గాలిని సంచిలో పట్టి కొలిచాడు. నేటికీ సరైన పరీక్ష అదే పద్ధతి: ముఖానికి మాస్కు, కాళ్లకింద ట్రెడ్‌మిల్, ఇక నావల్ల కాదు అనేదాకా పరుగు. గుండె ఆరోగ్యానికి ఇది ఎంత ముఖ్యమంటే, దీన్ని నాడి, రక్తపోటుల్లాగే చూడాలని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2016లో సూచించింది.

వాచీ దగ్గర మాస్కు లేదు. అది ఆక్సిజన్ వాడకాన్ని కొలవదు, ఊహిస్తుంది. జీపీఎస్ నుంచి వేగం తీసుకుంటుంది. చర్మంలోకి పచ్చని కాంతి పంపి, తిరిగొచ్చే వెలుగులోని హెచ్చుతగ్గుల నుంచి గుండె వేగం లెక్కిస్తుంది. (పట్టీ వదులుగా ఉంటే కొన్నిసార్లు అడుగుల లయనే గుండె లయ అనుకుంటుంది, అది వేరే తంటా.)

ఊహ ఎలా సాగుతుందో ఒక ఉదాహరణ చూడండి. ఒక్కో కంపెనీ సూత్రం ఒక్కో రకం, ఇది వాటి వెనకున్న తర్కానికి సరళమైన రూపం. చదునైన దారిలో గంటకు 8 కిలోమీటర్ల పరుగుకు సుమారు 30.2 మిల్లీలీటర్లు, 10 కిలోమీటర్లకు 36.8 కావాలని వ్యాయామ శాస్త్రంలో వాడే సమీకరణం చెబుతుంది. 45 ఏళ్ల మనిషి గుండె ఆ రెండు వేగాల్లో 140, 158 సార్లు కొట్టుకుందనుకుందాం. ఈ రెండు బిందువుల మీదుగా గీత గీసి, గుండె గరిష్ఠ వేగం దాకా పొడిగించాలి. ఆ గరిష్ఠం ఎంత? 220లోంచి వయసు తీసేస్తే 175. అక్కడ గీత దాదాపు 43 చూపిస్తుంది.

తిరకాసు ఇక్కడే. 220 సూత్రం సగటు మనిషిది. అసలు గరిష్ఠం దానికి పది, పన్నెండు అటూఇటూ ఉండటం మామూలే. అది 187 అయితే జవాబు 47 దాటుతుంది. 165 అయితే 39 దగ్గరే ఆగుతుంది. అదే మనిషి, అదే పరుగు.

ఇప్పుడు మే నెల ఎండను కలపండి. రాయపూర్‌లో మధ్యాహ్నాలు 40 డిగ్రీలు దాటే రోజులు మామూలే, తెల్లవారినా చల్లబడదు. రెంటచింతల, రామగుండం పాఠకులకు ఇది చెప్పనక్కర్లేదు. వేడిలో ఒంటిని చల్లబరచడానికి రక్తం చర్మానికి మళ్లుతుంది, చెమట వల్ల నీరు తగ్గుతుంది, కాబట్టి అదే వేగానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకోవాలి. పై ఉదాహరణలో రెండు చోట్లా పది పెంచి చూడండి: 43 కాస్తా 39 అవుతుంది. వేడిలో ఆ పూటకు సామర్థ్యం కొంత తగ్గే మాట నిజమే. నెలల సాధన ఆవిరైపోయిందని మాత్రం కాదు. కొన్ని ఖరీదైన మోడళ్లు ఉష్ణోగ్రతకు సవరణ చేస్తాయి, అన్నీ చేయవు. పోయిన అంకెను తిరిగి తెచ్చుకోవాలని ఎండలో ఇంకా పరిగెత్తడం వడదెబ్బను పిలవడమే.

నన్ను ఎక్కువగా భయపెట్టేది తగ్గిన అంకె కాదు, పెరిగిన అంకె. రక్తపోటుకో గుండెకో బీటా బ్లాకర్ మాత్రలు వాడేవాళ్లలో గుండె వేగం పెద్దగా పెరగదు. ఆ సంగతి తెలియని వాచీ, ఇంత తక్కువ స్పందనలతో ఇంత వేగమా అని మురిసిపోయి పెద్ద మార్కులు వేస్తుంది. జాగ్రత్తగా ఉండాల్సిన మనిషికే ధైర్యం నూరిపోస్తుంది. కొన్ని ఫోన్ యాప్‌లు ఇలాంటి మందుల గురించి అడుగుతాయి. ఆ ప్రశ్నను ఎందరు దాటేస్తారో ఊహించగలను.

వాచీలు పనికిరావని నేననను. ఒకే దారిలో, ఒకే రకం వాతావరణంలో నెలల తరబడి చూస్తే పైకా కిందికా అన్నది అవి బాగానే చెబుతాయి. నా ఫిర్యాదు తెర మీద ఒంటరిగా మెరిసే ఆ ఒక్క అంకె మీద. 43 అనడానికి బదులు "39 నుంచి 47 మధ్య, మీ గరిష్ఠ గుండె వేగం 175 అనుకుంటే" అని రాయడానికి చోటు లేదా? కంపెనీలకు ఆ అనిశ్చితి తెలుసు. కొనేవాళ్లకు చెప్పడం లేదు.

గడియారం లేకుండా తెలుసుకునే దారీ ఉంది. 1968లో అమెరికా వైమానిక దళ వైద్యుడు కెన్నెత్ కూపర్ ప్రచురించిన పరీక్ష: 12 నిమిషాల్లో ఎంత దూరం పరిగెత్తగలరో చూడటం. 2,400 మీటర్లయితే సుమారు 42. అదీ అంచనానే, కానీ అందులో 220 లేదు. గుండె జబ్బులున్నవాళ్లు, వయసు పైబడినవాళ్లు డాక్టరును అడక్కుండా దీని జోలికి పోకూడదు.

బాబాయిగారికి మొదట అడిగింది మందుల సంగతే. బీపీ మాత్ర ఉందట, పేరు గుర్తు లేదు. చీటీ పట్టుకుని డాక్టరు దగ్గరకు వెళ్లి రమ్మన్నాను. అదనపు రెండు కిలోమీటర్ల సంగతి నవంబరులో చూద్దామంటే ఒప్పుకున్నారు, కాస్త అయిష్టంగానే.