పోషణ కిట్ ఫలితాన్ని కొలవాల్సిన తీరు

తెలంగాణ ప్రభుత్వం గర్భిణులకు ఇచ్చిన కేసీఆర్ న్యూట్రిషన్ కిట్‌ను మెచ్చుకునేవారూ తెగడేవారూ గద్వాల, నాగర్‌కర్నూల్ గర్భిణుల హిమోగ్లోబిన్‌ను ‘ముందు, తర్వాత’ అని రెండు అంకెల్లో చూపితే లెక్క తేలదు. నెలలు నిండే క్రమంలో రక్తం పలచబడి ఆ అంకె దానంతటదే మారుతుంది. పైగా 2022 డిసెంబరులో ఆ రెండింటినీ మరో ఏడు జిల్లాలతో కలిపి ఎంచుకున్నదే రక్తహీనత ఎక్కువని. మధ్యనున్న వనపర్తికి 2023 జూన్ దాకా కిట్ రాలేదు. 2016 దాకా మూడూ ఒకే పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లా. పోల్చడానికి ఇంతకన్నా మంచి అవకాశం దొరకదు, ఎంపికలోని ఆ తేడాను మరవకపోతే.

అసలు ప్రశ్న వేరు. కిట్ ఇచ్చింది పరీక్షలకు వచ్చినప్పుడే: 13–27 వారాల మధ్య ఒకటి, 28–34 వారాల మధ్య మరొకటి. వచ్చినామెకు ఐరన్ మాత్రలూ అందేవి. మరి మేలు నెయ్యి, ఖర్జూరం, పోషక పౌడర్‌దా, ఆస్పత్రికి రప్పించడానిదా? మొదటిదే ప్రత్యక్ష ప్రభావం.

మాత్రలను సమానం చేసి చూస్తే చాలదా అంటారు. చాలదు. ఆరో నెలలో హిమోగ్లోబిన్ తక్కువున్నవారికే మాత్రలు పెంచుతారు. ఆ ఆరో నెల అంకె మొదటి కిట్ ఫలితం కూడా. దాన్ని మామూలు రిగ్రెషన్‌లో చేరిస్తే కిట్ చేసిన మేలులో కొంత తుడిచిపెట్టుకుపోతుంది. వదిలేస్తే మాత్రలే రక్తహీనత తెచ్చినట్టు కనిపిస్తుంది. ఈ ముడిని 1986లో ఎపిడెమియాలజిస్ట్ జేమ్స్ రాబిన్స్ విప్పాడు. జబ్బుపడ్డ కార్మికులు పని మానేయడంతో, ఎక్కువకాలం పనిచేసినవారే ఆరోగ్యవంతులుగా కనిపించే చిక్కు ఆయన ముందుంది. ఆయన బాటలో వచ్చిన పద్ధతి చివరినుంచి వెనక్కి నడుస్తుంది. ముందుగా ఆరో నెల అంకెను లెక్కలో ఉంచి మాత్రల ప్రభావం అంచనా వేస్తాం. ఆ వాటాను ప్రతి మహిళ చివరి హిమోగ్లోబిన్ నుంచి తీసేస్తాం. మిగిలినదాన్ని, ఈసారి ఆరో నెల అంకెను పక్కనపెట్టి, కిట్‌తో పోలుస్తాం. మాత్రలు ఎవరికి ఎందుకు ఇచ్చారో రికార్డుల్లో ఉంటేనే ఇది నిలుస్తుంది. కిట్‌లోని మూడు సీసాల ఐరన్ సిరప్‌నూ మాత్రలతోపాటే లెక్కించాలి. అలా లెక్కిస్తే తిండి వాటా చిన్నదేనని, రప్పించడమే కిట్ అసలు బలమని నా అభిప్రాయం.

బొంబాయి, పుణె పనులకు వలసపోయిన గర్భిణులు మధ్యలోనే లెక్క తప్పుతారు. వాళ్లను వదిలేస్తే పేదలే మాయమవుతారు. వాళ్లలాంటివారై ఊళ్లోనే ఉన్నవారికి ఎక్కువ తూకం ఇవ్వాలి.

ఏఎన్‌ఎం రిజిస్టర్లనూ, ఆరోగ్యలక్ష్మి కింద గుడ్డు, పాలు, భోజనం పెట్టే అంగన్‌వాడీల హాజరునూ కలిపి, పేర్లు తీసేసి, ఈ మూడు జిల్లాల వివరాలను ప్రభుత్వం పరిశోధకులకు ఇవ్వాలి. అంతవరకు కిట్ పనిచేసిందన్నా, చేయలేదన్నా నమ్మకండి.