త్రాసం భయానకం కాదు

అతీంద్రియ థ్రిల్లర్లలో హఠాత్తుగా మోగే శబ్దానికి ప్రేక్షకుడు ఉలిక్కిపడితే చాలు, భయానక రసం పండిందనడం సమీక్షలలో పరిపాటి అయింది. ఈ వాదం నిలవదు. భరతుడు భయాన్ని స్థాయీభావాలలోనూ, పిడుగుపాటు వంటివాటి వల్ల కలిగే త్రాసాన్ని వ్యభిచారీభావాలలోనూ లెక్కించాడు. త్రాసం క్షణికం, భయం సన్నివేశ రచనతో క్రమంగా పోషింపబడాలి. 'అరుంధతి' (2009)లో పశుపతిని చంపక సజీవసమాధి చేయడం అటువంటి రచనే. అతని పగ చావలేదని తెలిసిన ప్రేక్షకుడికి ఆ సమాధి గోడే విభావమవుతుంది. గ్రాఫిక్స్ ప్రమేయం ఆ తరువాతిది. రామ్‌గోపాల్ వర్మ 'రాత్రి' (1992)లో కెమెరా కదలికే కనిపించని ఉనికిని స్ఫురింపజేస్తుంది. శబ్దాన్ని తొలగించినా భయం మిగిలే సన్నివేశాన్నే విమర్శ భయానకమనాలి. తక్కినది ఉలికిపాటు మాత్రమే.