హెరాల్డా? పద్మినా? నాయిన అడిగిన ఒకే ఒక్క ప్రశ్న

మాది ఆలంపూర్. మా నాయినకు ఈ ఏడు అరవై నిండాయి. ఏం కావాలంటే ఫోన్ వద్దన్నాడు, టీవీ వద్దన్నాడు. "ఒక పాత చిన్న కారు ఇప్పీరా" అన్నాడు.

ఇంకేముంది, ఎక్సెల్ షీట్ తెరిచా. చివరికి రెండు మిగిలాయి: కర్నూలులో ఒక స్టాండర్డ్ హెరాల్డ్, హైదరాబాద్‌లో ఒక ప్రీమియర్ పద్మిని. రెండిటి పుట్టిల్లూ యూరపే. హెరాల్డ్ 1959లో ఇంగ్లండ్‌లో వచ్చిన ట్రయంఫ్ కారు, 1961 నుంచి మద్రాసులో తయారైంది. పద్మిని అసలు ఇటలీ ఫియట్ 1100. బొంబాయిలో ప్రీమియర్ వాళ్లు చేశారు, 1974లో పేరు మార్చారు. అయినా మనోళ్లకు అది ఇప్పటికీ 'ఫియట్ కారే'.

మొదట నా ఓటు హెరాల్డ్‌కే. ఇటలీ డిజైనర్ మికెలొట్టి గీసిన షేపు. బానెట్ ఎత్తితే మడ్‌గార్డులతో సహా ముందు భాగమంతా లేస్తుంది, పక్కన నిలబడి ఇంజిన్ పని చేసుకోవచ్చు. దాదాపు 25 అడుగుల జాగా ఉంటే చాలు, వెనక్కి తిరిగిపోతుంది. మా ఊరి సందులకు సరిగ్గా సరిపోద్ది. పైగా ఛాసిస్ వేరు, బాడీ వేరు. పద్మినికి బాడీయే ఛాసిస్. ఫ్లోర్ తుప్పు తిన్నదంటే కారు బలమే పోయినట్టు.

కానీ కర్నూలు కారుకు వెనక డోర్ తుప్పు పట్టింది. నాలుగు డోర్ల హెరాల్డ్ మన దేశంలోనే తయారైంది, ఇంగ్లండ్‌లో అన్నీ రెండు డోర్లవే. ఇంజిన్ సామాన్లు అక్కణ్నుంచి తెప్పించుకోవచ్చు, ఆ డోర్ మాత్రం అక్కడా దొరకదు. పద్మిని అలా కాదు. ముంబయిలో 2023 అక్టోబర్ దాకా ట్యాక్సీగా తిరిగింది. సామాన్లు, తెలిసిన మెకానిక్‌లు ఇంకా ఉన్నారు.

కాగితాల సంగతి ఇంకో మెలిక. హెరాల్డ్ రిజిస్ట్రేషన్ ఎప్పుడో అయిపోయింది. "వింటేజ్ నంబర్ తీస్కోండి సార్" అన్నాడు అమ్మేటాయన. 2021లో వచ్చిన రూల్ ప్రకారం 50 ఏళ్లు దాటిన కారును అలా రిజిస్టర్ చేయించొచ్చు. కానీ ర్యాలీకో, ఎగ్జిబిషన్‌కో, పెట్రోలుకో, రిపేరుకో తప్ప రోజూ తిప్పకూడదు. 

షీట్ నాయినకు చూపించా. ఇరవై వరసలు. అన్నీ ఓపిగ్గా విని ఒకటే అడిగాడు: "మీ అమ్మను రోజూ జోగుళాంబ గుడికి దేంట్ల తీస్కపోవచ్చు?"

అమ్మకు మోకాళ్ల నొప్పులు. నా షీట్‌లో ఆ వరసే లేదు.

పద్మినే కొన్నాం. ఫ్లోర్ వెల్డింగ్‌కు మూడు వారాలు పట్టింది. ఆర్‌సీ ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. గేరు స్టీరింగ్ పక్కనే, ముందు సీటు పొడుగు బెంచీ. ఏసీ లేదు. అమ్మ అద్దం దింపి, నాయిన పక్కన కూర్చుని పోతోంది.

మీరూ పాత కారు చూస్తుంటే రంగు చూసి పడిపోకండి. మ్యాట్ ఎత్తి ఫ్లోర్ చూడండి, ఆర్‌సీ తారీఖు చూడండి. దాంట్లో ఎవరు కూర్చుంటారో అందరికంటే ముందు వాళ్లనే అడగండి.