పెంపుడు చిలుకల విషయమై బహిరంగ లేఖ

తెలంగాణ ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి గారికి,

చెట్టు తొర్రలోంచి తీసిన రామచిలుక పిల్లకు రాగిజావ పట్టి, ఈకలు వచ్చాక నానిన శనగలూ జామకాయ ముక్కలూ అలవాటు చేసి, పేరు పెట్టి ఇంటి మనిషిలా చూసుకున్న బాల్యం తెలుగునాట ఎన్నో కుటుంబాలకు ఉన్నదే. అయితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పట్టుకోవడాన్నీ, ఉచ్చు వేయడాన్నీ, గూళ్లు గుడ్లు పాడుచేయడాన్నీ సైతం ‘వేట’గానే నిర్వచించింది కనుక, ఆ ముద్దుమురిపాల వెనుక నేరం ఉన్నదన్న సంగతి చాలా ఇళ్లకు నేటికీ చేరలేదు.

చేరవేసే తీరులోనే అసలు చిక్కు ఉన్నది. పసితనం నుంచి మనుషుల చేతి మేతతో పెరిగిన పక్షి మనుషులనే తన జాతిగా ఎంచుకోవడాన్ని జీవశాస్త్రం ‘ఇంప్రింటింగ్’ అంటుంది. అటువంటి చిలుకకు మేత వెతుక్కోవడమూ, డేగను చూసి బెదరడమూ తెలియవు. పైగా కత్తిరించిన రెక్క ఈక తిరిగి పెరగదు, దాని మొదలు రాలి కొత్తది మొలిచేదాకా ఆగవలసిందే. కేసు భయంతో రాత్రికి రాత్రి పంజరం తలుపు తీస్తే ఆ చిలుక పిల్లిపాలవుతుంది. పుణ్యం కోసం తీసినా అంతే.

కాబట్టి శిక్ష భయం లేకుండా చిలుకలను అప్పగించడానికి కొంత గడువునూ, అవి ఎగరడం నేర్చుకునేంత విశాలమైన పునరావాస పంజరాలనూ శాఖ ఏర్పాటు చేయాలి. గూడు కట్టే కాలమైన చలికాలం చివర, నేల మీద కనిపించిన పిల్లను ఇంటికి తేకుండా తల్లిపక్షికి అందేచోటే ఉంచాలని బడిపిల్లలకు ముందుగా చెప్పించాలి. తొర్రలున్న ముసలి చెట్లను రోడ్ల విస్తరణలో కొట్టే ముందు తనిఖీ చేయించాలి.